ఈ జోడా ఎవరికి?

అబిడ్స్‌లో మా మామూకి ఒక చిన్న దుకాణం ఉండేది. లేడీస్ డ్రెస్ మెటీరియల్, దుపట్టాలు, ఫాల్స్, లైనింగ్ బట్ట. పెద్ద రోడ్డు మీద కాదు, లోపలి గల్లీలో. ఇప్పుడా దుకాణమూ లేదు, మామూ కూడా లేరు. అల్లాహ్ ఆయనకి మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. నేను తెలుగులో డిగ్రీ చదివే రోజుల్లో, రంజాన్ వచ్చిందంటే అసర్ నమాజ్ అయ్యాక నన్ను తీసుకెళ్ళి గల్లా దగ్గర కూర్చోబెట్టేవారు. ఆడపిల్ల కనబడితే ఖాందానీ ఔరతులు ధైర్యంగా లోపలికొస్తారని ఆయన హిసాబ్.

గల్లా పక్కన ఒక పాత బిస్కెట్ డబ్బా ఉండేది. నిండా రెండు రూపాయల, అయిదు రూపాయల బిళ్ళలు. ఫకీర్లకు ఇచ్చే చిల్లర వేరే, ఈ డబ్బా వేరే. ఇది హిజ్రాల కోసం. "వాళ్ళు మెట్టెక్కక ముందే చెయ్యి చాపి ఇచ్చెయ్ బేటా. లోపలికొస్తే గిరాకీ పోతది" అని మామూ మొదటి రోజే నేర్పారు. నేను బాగానే నేర్చుకున్నాను. చప్పట్ల శబ్దం గల్లీ మొదట్లో వినబడితే చాలు, బిళ్ళ నా వేళ్ళ మధ్యకు వచ్చేసేది.

ఒకరోజు ఇఫ్తార్‌కి ఇంకా గంట ఉందనగా ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఉతికిన కాటన్ చీర, నూనె పెట్టి అల్లిన జడ. చప్పట్లు కొట్టలేదు, ఏమీ అనలేదు. నేను మొహం చూశాను, బిళ్ళ చాపాను. ఆమె దాన్ని తీసుకుని కౌంటర్ మీద నా వైపు పెట్టింది. "మాంగ్నే కో నై ఆయీ బేటీ, లేనే కో ఆయీ. దుపట్టా హోనా" అంది. అడుక్కోవడానికి రాలేదు, కొనడానికి వచ్చానని.

మామూ లేచి వచ్చారు. నలభై అయిదు రూపాయల దుపట్టాకి ఎనభై చెప్పారు. రంగు బయటి వెలుతురులో చూస్తానంటే మడత విప్పనివ్వలేదు. ఆమె బేరం కూడా ఆడలేదు. బేరమాడితే 'గొడవ చేస్తున్నారు' అనే మాట వస్తుందని ఆమెకు తెలుసునని నాకిప్పుడు అర్థమవుతోంది. ఎనభై ఇచ్చి, విప్పని దుపట్టా తీసుకుని వెళ్ళిపోయింది. కౌంటర్ మీద మిగిలిన అయిదు రూపాయల బిళ్ళని నేను మళ్ళీ డబ్బాలో వేశాను. మామూ చెడ్డవాడు కాదు. ఏటా జకాత్ పైసలు లెక్క తప్పకుండా తీసేవాడు, యతీమ్ పిల్లలకు ఈద్ బట్టలు ఊరికే ఇచ్చేవాడు. ఇది రాస్తున్నందుకు నా బంధువులు కొందరు నారాజ్ అవుతారు. కానీ ఆ బిళ్ళ చాపింది మామూ చెయ్యి కాదు, నాది.

మొన్నటి రంజాన్‌లో ఇదంతా మళ్ళీ గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. నాకు తెలిసిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు రాయను. జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు పనిచేస్తుంది. ముసల్మాన్ ఇంట్లో పుట్టింది. పుట్టినప్పుడు ఇంట్లోవాళ్ళు బేటా అనుకుని అజాన్ వినిపించారు. హైకోర్టు తీర్పు వచ్చినప్పుడు వార్త రాయబోతూ కలిశాను, అప్పట్నుంచి నన్ను బాజీ అంటుంది. "బాజీ, ఈద్‌కి ఒక జోడా తీసుకోవాలి. మీరేం మాట్లాడొద్దు, పక్కన నిలబడితే చాలు" అంది.

పక్కన నిలబడడానికి మనిషి కావాలా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. నాంపల్లి స్టేషన్ దగ్గర కలిసి, స్టేషన్ రోడ్డు మీదుగా అబిడ్స్ వైపు నడిచాం. ఇద్దరికీ రోజా. ఆమె మొహానికి మాస్క్. కరోనా పోయి ఇన్నేళ్ళయినా ఆమె మాస్క్ పోలేదు, గడ్డం గీసిన నీడని అది దాస్తుంది.

మొదటి దుకాణం పెద్దది, రెడీమేడ్. గుమ్మంలో గార్డు ఆడవాళ్ళని ఒక పక్క నుంచి, మగవాళ్ళని ఒక పక్క నుంచి పంపిస్తున్నాడు. ఈమెని చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణంలో వెనక లైను మొత్తం ఆమెని చూసింది. లోపల సేల్స్ అమ్మాయి మమ్మల్ని చూసి, ఇంకో అమ్మాయిని చూసి, ఒక అబ్బాయిని పిలిచింది. అతను అడిగాడు: "కిస్కే వాస్తే హోనా?"

"బహెన్ కే వాస్తే." ఈమె తడుముకోలేదు.

"ఎంత ఎత్తుంటుంది?"

"నా అంతే."

"ఒళ్ళు?"

"నాలాగే."

అబ్బాయి నవ్వు ఆపుకుంటూ మూడు కుర్తీలు తీశాడు. నాకు విషయం అప్పుడు అర్థమైంది. ఆమెకి చెల్లెలు లేదు.

ఇఫ్తార్ నాంపల్లి దగ్గరే చేశాం. ఖజూర్, నీళ్ళు, తర్వాత చెరో హలీమ్. తింటూ చెప్పింది. ఎనిమిదేళ్ళుగా ఆ చెల్లెలికి బట్టలు కొంటోందట. మొదట్లో కాలేజీ చదివే చెల్లెలు. తర్వాత ఖరీదైన జోడా ఒకటి నచ్చితే, అంత ఖర్చెందుకని సేల్స్‌మన్ అడుగుతాడేమోనని నిఖా కుదిర్చింది. "పెళ్ళి కూడా చేసేశాను బాజీ. ఇప్పుడు దుబాయ్‌లో ఉంటుంది. అందుకే తను రాలేదు, నేనే కొంటున్నాను" అని నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత చాలాసేపు ఇద్దరమూ హలీమ్ గిన్నెల్లోకి చూస్తూ కూర్చున్నాం. లేని చెల్లెలి కొలతలు ఆమెకి నోటికి వచ్చు. తన కొలత మాత్రం ఎప్పుడూ ఎవరూ తీయలేదు.

ఒక చిన్న ఖిస్సా చెప్తాను, సంబంధం ఉంది. మనం నిలబడి బేరాలాడే ఈ అబిడ్స్ పేరు ఒక దుకాణం వల్ల వచ్చింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆల్బర్ట్ అబిద్ అని ఒక అర్మేనియన్ ఉండేవాడు. హుజూర్ వారి బట్టలు, నగలు చూసుకోవడం అతని నౌకరీ. అతను ఇక్కడ దుకాణం తెరిచాడు, ఆ పేరే జాగాకి నిలిచిపోయింది. మహబూబ్ అలీ ఖాన్ ఒకసారి వేసిన జోడా రెండోసారి వేయడని ప్రతీతి. పురానీ హవేలీలో ఆయన బట్టల అల్మారా ఇప్పటికీ ఉంది, ఒక హాలు పొడవునా రెండు అంతస్తుల్లో. అంటే మన అబిడ్స్ పుట్టిందే ఒక మనిషి తనకు నచ్చినట్టు బట్టలు తొడుక్కునే షౌక్ మీద.

ఆ పాదుషా కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, 1329 ఫస్లీలో, ఇదే షహర్‌లో ఒక కానూన్ వచ్చింది. ఫస్లీకి 590 కలిపితే మన లెక్కలో 1919. దాని పేరే యూనక్స్ యాక్ట్. ఆ కానూన్ ప్రకారం హిజ్రా ఎవరైనా ఆడ బట్టల్లో, నగలతో వీధిలో కనబడితే, లేదా వీధిలోకి కనబడాలని ఎక్కడైనా నిలబడితే, వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళ దాకా ఖైదు, లేదా జుర్మానా, లేదా రెండూ. పిల్లల్ని ఎత్తుకుపోతారని అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు రిజిస్టర్‌లో రాసిపెట్టాలి. అంగ్రేజీలు 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ రెండో భాగానికి ఇది ఇంచుమించు నఖలు. ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మనం మొహబ్బత్‌తో తీసుకుంటాం. ఆసుపత్రి, యూనివర్సిటీ, హైకోర్టు బిల్డింగ్ అన్నీ ఆయన హయాం నిషానీలే. ఈ కానూన్ కూడా ఆ హయాందే. మొహబ్బత్ ఉన్నచోట ఇది చెప్పకుండా దాటేయడం సరి కాదు.

రియాసత్ పోయింది, ఆ కానూన్ పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లోకి 'తెలంగాణ ప్రాంతం' అనే తోకతో వచ్చింది, 2014లో తెలంగాణలోకీ వచ్చింది. నేను గల్లా దగ్గర బిళ్ళ చాపిన రోజున కూడా ఆ చీరకట్టు కాగితం మీద నేరమే. ఆమె కొన్న దుపట్టా కప్పుకుని గల్లీలో నడిస్తే పోలీసు పట్టుకోవచ్చు. 2018లో ట్రాన్స్‌జెండర్ హక్కుల కోసం పనిచేసే వైజయంతి వసంత మొగ్లి, ఇంకొందరు హైకోర్టులో పిల్ వేశారు. 2023 జూలైలో చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భుయాన్ బెంచ్ దాన్ని రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. ఆసరా పెన్షన్, చదువులో, ఉద్యోగంలో రిజర్వేషన్ గురించి కూడా సర్కారుకి ఆదేశాలిచ్చింది. నూట నాలుగేళ్ళు పట్టింది.

ఆ తీర్పు రోజు నేను మహా ఖుషీగా వార్త రాశాను. ఇప్పుడనిపిస్తోంది, కోర్టులో ఆ కానూన్ రద్దయింది కానీ కౌంటర్ దగ్గర ఇంకా నడుస్తోందని. గార్డు ఆగిన ఆ ఒక్క క్షణం అదే. "కిస్కే వాస్తే" అనే సవాల్ అదే. 2019లో పార్లమెంటు చేసిన చట్టం, జనం అందరికీ అందుబాటులో ఉండే సరుకూ సేవా ట్రాన్స్‌జెండర్ మనుషులకు నిరాకరించకూడదంటుంది. దుకాణం కూడా అందులోకే వస్తుంది. కానీ చెల్లెలి పేరు మీద కుర్తీ కొనే పిల్ల ఆ చట్టం పట్టుకుని ఠాణాకి వెళ్తుందా?

కొందరు అంటారు, ఇంత చిన్న విషయానికి ఇంత రాయాలా అని. బట్టలే కదా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు కదా అని. ఆమె అదీ చేసింది. కిరాయి ఇంట్లో డెలివరీ అబ్బాయి కింద నిలబడి పేరు గట్టిగా పిలుస్తాడు, ఇంటి ఓనర్ ప్యాకెట్ మీద బొమ్మ చూస్తాడు. సరిపోకపోతే తిప్పి పంపేటప్పుడు మళ్ళీ అదే తమాషా. అయినా నేను దీన్ని చిన్న విషయం అనుకోను. కారణం 2018 మే నెల.

అది కూడా రంజాన్ మాసమే. వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతున్నాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వచ్చింది, మగవాళ్ళు ఆడవేషం వేసుకుని తిరుగుతున్నారు అని. మహబూబ్‌నగర్ వైపు నుంచి కొందరు ట్రాన్స్‌జెండర్ మనుషులు, రంజాన్‌లో ఖైరాత్ బాగా దొరుకుతుందని పాతబస్తీకి వచ్చారు. చాంద్రాయణగుట్టలో గుంపు వాళ్ళ మీద పడింది. రాళ్ళు, కర్రలు. ఒకరి ప్రాణం పోయింది. యాభై దాటిన మనిషి. ఫోన్లలో వీడియోలు తీసినవాళ్ళు తీశారు. పోలీసులు తర్వాత చెప్పారు, ఎత్తుకుపోయే ముఠా ఏదీ లేదని, అంతా అఫ్వా అని. ఆ పుకారు మళ్ళీ ఒకసారి చదవండి. ఆడబట్టలు, పిల్లల్ని ఎత్తుకుపోవడం. 1329 ఫస్లీ కానూన్ పక్కపక్కన పెట్టిన రెండు మాటలూ అవే. ఆ గుంపులో ఎవరూ ఆ కానూన్ చదివి ఉండరు. చదవనక్కర్లేదు, నూరేళ్ళలో అది అందరి నోటికీ వచ్చేసింది. ఒక మనిషి ఒంటి మీది చీరే ఆ మనిషి మీద సాక్ష్యమైపోయింది. రోజా ఉన్న బస్తీలో.

ఇంక దీన్ మాట. మీలో చాలామంది మనసులో ఉన్నది నాకు తెలుసు, ఆడవాళ్ళని నకల్ చేసే మగవాళ్ళ మీద లానత్ ఉందని హదీస్ ఉంది కదా అని. ఉంది. నేను ఆలిమాని కాను, ఫత్వా ఇచ్చే హైసియత్ నాది కాదు. మీ ముఫ్తీ సాహెబ్‌ని అడగండి. అడిగేటప్పుడు ఇది కూడా అడగండి: ఇమామ్ నవవీ లాంటి పెద్ద పెద్ద ఉలమా, కావాలని వేషం వేసేవాళ్ళకీ పుట్టుకతోనే ఆ స్వభావం ఉన్నవాళ్ళకీ ఫర్క్ చేసి, రెండోవాళ్ళ మీద దోషం లేదని ఎందుకు రాశారు? ఫిఖహ్ కితాబుల్లో ఖున్సా గురించి వేరే బాబ్ ఎందుకుంది? ఇరాన్‌లో ఖొమైనీ, ఈజిప్టులో షేక్ తంతావీ ఎనభైల్లోనే ఆపరేషన్ విషయంలో ఫత్వాలు ఇవ్వాల్సి ఎందుకొచ్చింది? పాకిస్తాన్‌లో 2018లో వచ్చిన చట్టాన్ని 2023లో అక్కడి షరీయత్ కోర్టు కొంత కొట్టేసింది, అదీ నిజమే. అంటే బహస్ నడుస్తోంది, ఉలమా మధ్య నడవనీ.

కానీ దుకాణదారుకి ఈ బహస్‌తో ఏం పని? మగవాళ్ళకి రేష్మ్, బంగారం హరామ్ అనే మాట మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. అది కూడా హదీసే. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఇదే అబిడ్స్‌లో దుల్హాకి రేష్మీ షేర్వానీ చూపించేటప్పుడు ఏ సేల్స్‌మన్ అయినా "ఇది ఎవరికి భాయ్, మీకైతే అమ్మను" అన్నాడా? దుల్హాకి బంగారు ఉంగరం పెట్టని ఖాందాన్లు మన బంధువుల్లో ఎన్ని ఉన్నాయి? అక్కడ గిరాకీ గిరాకీయే. అప్పుడు గుర్తురాని హదీస్, బస్సు పాసుకి పోగా మిగిలిన జీతంతో పన్నెండు వందల కుర్తీ కొనే పిల్లని చూస్తేనే ఎందుకు గుర్తొస్తుంది? ఇది దీన్ సవాల్ అని నేను ఒప్పుకోను. మనం నవ్వడానికి ఒక మనిషి కావాలి, అంతే.

భాషలో కూడా ఇదే చేశాం. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినదాన్ని, రెండు వైపులా ఒక మాట ఎట్లా నడుస్తుందో గమనించే రోగం ఉంది. ఖ్వాజా అంటే సాహెబ్, పెద్ద, యజమాని. అజ్మీర్ దర్గాకి వెళ్ళేవాళ్ళు ఖ్వాజా అని ప్రాణంగా పిలుస్తారు. మొఘల్ మహళ్ళలో జనానా చూసుకునే పెద్ద ఉద్యోగికి ఖ్వాజాసరా అని పేరు. ఆ ఖ్వాజాయే తెలుగు వీధిలోకి వచ్చి 'కొజ్జా' అయింది, స్కూలు పిల్లలు ఒకరినొకరు తిట్టుకునే తిట్టు. మదీనాలో మస్జిదె నబవీ ఖిద్మత్ చేసే ఆగాలు వందల ఏళ్ళుగా ఖ్వాజాసరాలే. (వాళ్ళూ, ఇవాళ్టి ట్రాన్స్‌జెండర్ అమ్మాయిలూ ఒకటి కాదు, ఆ గందరగోళం నేను చేయను. మాట ఎంత కిందికి జారిందో చూపించడానికే.) గాయత్రి రెడ్డి అనే పరిశోధకురాలు హైదరాబాద్, సికింద్రాబాద్ హిజ్రాల మధ్య తిరిగి 2005లో ఒక పుస్తకం తెచ్చింది. అందులో వాళ్ళ జిందగీ మొత్తం ఏ మాట చుట్టూ తిరుగుతుందో చెప్పింది. ఆ మాట మన ఇళ్ళల్లో రోజుకి పదిసార్లు వాడే మాటే, ఇజ్జత్.

ట్రయల్ రూమ్ గురించి దాటేయను. అసలు గొడవ అక్కడే. రెండో దుకాణంలో ట్రయల్ రూమ్ అడిగితే "బంద్ హై" అన్నారు. మేం నిలబడి ఉండగానే ఒక అమ్మాయి నాలుగు జతలు భుజం మీద వేసుకుని లోపలికి వెళ్ళింది. నేను నోరు తెరవబోతే ఈమె నా బురఖా కొంగు పట్టుకుని లాగింది, ఒద్దు బాజీ అని. మూడో దుకాణంలో నేనే తెలివి చేశాను. నేనూ ఒక కుర్తీ తీసుకుని, ఇద్దరమూ కలిసి వెళ్ళి పక్కపక్క క్యాబిన్లలోకి దూరాం.

ఇక్కడ నిజం రాయాలి. లోపలికి వెళ్ళాక నేను గడియ రెండుసార్లు చూసుకున్నాను. పక్కన ఉన్నది నేను రోజా విప్పేటప్పుడు ఖజూర్ పంచుకున్న పిల్ల. అయినా చెయ్యి గడియ మీదికి వెళ్ళింది. కాబట్టి "మా ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే చోట..." అని మొదలుపెట్టే అమ్మీలని, ఖాలాలని నేను తప్పు పట్టను. పర్దాలో పెరిగినదాన్ని, ఆ భయం నాకు లోపల్నుంచి తెలుసు. కానీ క్యాబిన్‌లో నిలబడి ఆలోచిస్తే నాలుగు వైపులా చెక్క, లోపల గడియ, ఒక మనిషికే చోటు. ఇన్నేళ్ళలో ట్రయల్ రూమ్‌లలో మనకి జరిగిన అన్యాయాలు వినబడ్డాయి, పేపర్లో నేనే రాశాను. అవి దాచిన ఫోన్ల, కెమెరాల కేసులు, మామూలు మగవాళ్ళు చేసినవి. పక్క క్యాబిన్‌లో జిప్పు పైకి లాగలేక అవస్థ పడే పిల్ల వల్ల జరిగిన కేసు ఒక్కటి కూడా నేను రాయలేదు. ఆమె కూడా గడియ రెండుసార్లు చూసుకుందట. ఎవరో తలుపు తోసి నవ్వుతారని.

నిజంగానే బయట నవ్వారు. సేల్స్ అమ్మాయిలు ఏదో అనుకుంటూ నవ్వారు, మా గురించో కాదో తెలియదు. ఆమె నిమిషంలో బయటికొచ్చి "సరిపోయింది బాజీ" అంది. పైసలు కట్టి వచ్చేశాం. ఇంటికెళ్ళి వేసుకుంటే భుజం దగ్గర కుట్టు చిట్లిందట. అసలు వేసి చూడలేదు, పట్టుకుని నిలబడి వచ్చేసింది.

నుమాయిష్ రోజులైతే ఇంత బాధ ఉండదంటుంది. జనవరి ఒకటిన నాంపల్లి మైదానంలో అది మొదలవగానే ఆమె షాపింగ్ మొదలు. 1938 నుంచీ నడుస్తున్న మేళా, లఖ్నవీ చికన్ దగ్గర్నుంచి కశ్మీరీ శాలువ దాకా. అక్కడ ట్రయల్ రూమ్ ఎవరికీ ఉండదు, అందరూ బట్టని ఒంటికి ఆనించి చూసుకోవాల్సిందే. తోపులాటలో ఎవరు ఎవరికి కొంటున్నారో అడిగే తీరిక దుకాణదారుకి ఉండదు. ఒక లేడీస్ డే ఉంటుంది, ఆ రోజు మాత్రం వెళ్ళదు. ఏ గేటు దగ్గర ఏమంటారోనని. దర్గా యూసుఫైన్‌కి జుమేరాత్ వెళ్తుంది. అక్కడ ఎవరూ ఏమీ అడగరట. నేను చూశాను, నిజమే. చాదర్ కొనేటప్పుడు మాత్రం ఎవరి కోసం అని మనం ఎవరినీ అడగం.

దుకాణదారు భాయిలకి నేను చెప్పదల్చుకున్నది పెద్దదేమీ కాదు. మొహం చూసి బిళ్ళ చాపకండి, ఏం కావాలని అడగండి, నేను అడగలేదు కాబట్టి చెప్తున్నాను. చిట్టీ మీద ఉన్న ధరే చెప్పండి. క్యాబిన్ ఉంటే ఇవ్వండి. మీ గిరాకీకి ఇబ్బంది అని మీకు నిజంగా అనిపిస్తే, కనీసం రెండు రోజుల్లో మార్చుకునే మాట ఇవ్వండి, రసీదు మీద రాసి. దీనికి కోర్టు ఆర్డరూ అక్కర్లేదు, ఫత్వా అక్కర్లేదు. 2024 డిసెంబర్‌లో మన హైదరాబాద్ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్ మనుషుల్ని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. యూనిఫాంలో సిగ్నల్ దగ్గర చెయ్యెత్తితే మన బండ్లన్నీ ఆగుతున్నాయి. అదే మనిషి డ్యూటీ దిగి మీ మెట్టెక్కితే గార్డు చెయ్యెత్తుతున్నాడు.

ఇళ్ళల్లో వాళ్ళకి ఏం చెప్పాలో నాకు అంత తేలిగ్గా తెలియదు. ఆమె మొదటిసారి కప్పుకున్నది అక్క దుపట్టా. పదకొండేళ్ళప్పుడు, అద్దం ముందు. అబ్బా చూశాడు. బెల్టు తీశాడు. ఇప్పటికీ ఈద్‌కి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మీ ఒక్కతే మాట్లాడుతుంది, అది కూడా గొంతు తగ్గించి. మన ఇళ్ళల్లో బిడ్డ పుడితే హిజ్రాలని పిలిచి దుఆ తీసుకుంటాం, బియ్యం, పైసలు, చీర పెట్టి పంపుతాం. అదే మన బిడ్డ అయితే మాత్రం బెల్టు.

చివరికి జోడా ఎట్లా అయిందో చెప్పాలి కదా. చిట్లిన కుర్తీ పట్టుకుని నాంపల్లిలో నాకు తెలిసిన ఒక దర్జీ మాస్టర్ దగ్గరికి వెళ్ళాం. పెద్దాయన, కళ్ళజోడు దారంతో కట్టుకుంటాడు. కుర్తీని తిరగేసి చూసి, లోపల మార్జిన్ లేదు, ఇది ఇప్పితే పనికిరాదు, కపడా తెచ్చుకోండి అన్నాడు. కపడాకి ట్రయల్ రూమ్ అక్కర్లేదు, హాయిగా తెచ్చాం. అయిదు మీటర్ల ఆకుపచ్చ కాటన్ సిల్క్, దానికి తగ్గ దుపట్టా. నాప్ కోసం పాత కమీజ్ ఏదైనా ఉందా అన్నాడు. లేదంది. సరేనని టేపు తీశాడు. ఛాతీ దగ్గర టేపు కొస ఆమె చేతికే ఇచ్చి "మీరే పట్టుకోండి బిటియా" అన్నాడు. పర్దా ఆడవాళ్ళందరికీ ఆయన అట్లాగే చేస్తాడు, నాకూ అట్లాగే తీస్తాడు. తీరా సతరా, అని ఉర్దూలో తన బుక్కులో రాసుకున్నాడు. ఆడవాళ్ళ తీరా పద్నాలుగు, పదిహేను ఉంటుంది. ఆయన పెన్ను ఆగలేదు. ఆస్తీన్ పూరా పెట్టాలా, చాక్ ఎంత పెట్టాలి, మోరీకి లేస్ వేయాలా, ఇవే అడిగాడు. ఎవరికి అని అడగలేదు. ఎదురుగానే నిలబడి ఉంది కదా మనిషి.

చాంద్ రాత్‌కి రెండు రోజుల ముందు జోడా తయారైంది. ఆ రోజు ఆమెకి ఆఫీసులో సెలవు దొరక్క నేనే తెచ్చి మా ఇంట్లో కొక్కేనికి వేలాడదీశాను. అమ్మీ మగ్రిబ్ నమాజ్ అయ్యాక వచ్చి, బట్ట వేళ్ళ మధ్య నలిపి చూసింది. కుట్టు బాగుందంది. వెనక హుక్ ఒకటి వదులుగా ఉంటే సూది తెచ్చి గట్టిగా వేసింది. దారం పళ్ళతో తెంపుతూ అడిగింది, "యే జోడా కిస్కా హై?"

"సహేలీది" అన్నాను. "తన చెల్లెలి కోసం కుట్టించింది."

నోట్లోంచి అదే వచ్చింది. అమ్మీకి తెలుగు చదవడం రాదు, నేను రాసేవన్నీ జుమా రోజు అసర్ తర్వాత చదివి ఉర్దూలో చెప్తుంటాను. ఇది కూడా ఈ జుమాకి చదవాలి.